పిట్టల సైట్ లాగ్: ప్రివ్యూలో ఒకటి, పైకెక్కాక ఇంకోటి

మొత్తానికి సైట్ పైకెక్కింది. పిట్టల మీద ఎప్పటికప్పుడు రాసిపెట్టుకున్న నోట్సు, వాటి ఫొటోలు, అంతే, పెద్ద సరంజామా ఏం లేదు. హ్యూగోతో కట్టా, అంటే మనం రాసిన ఫైళ్ళని వెబ్ పేజీలుగా మార్చిపెట్టే టూలు. ఇదే పని చేసే జెకిల్ అంటే రూబీ ఉండాలి, ఎలెవెంటీ అంటే నోడ్ ఉండాలి, హ్యూగో అయితే ఒకటే ఫైలు, దించుకుని పాత్‌లో (టెర్మినల్ కమాండ్లు వెతికే ఫోల్డర్లలో) పడేస్తే పని మొదలు, నాకు ఆ ఒక్క కారణం చాలు. థీమ్ ఏది, మెనూ ఎలా పెట్టా అన్నవి ఇక్కడ రాయట్లేదు, అవి ఎవరిష్టం వాళ్ళది. రాసింది మన స్క్రీన్ మీద చూసుకోవడం దగ్గర్నించి జనానికి కనపడేదాకా మధ్యలో ఏమేం అడ్డం పడతాయో అదే ఈ లాగ్.

ముందు అందరూ చేసేదే. టెర్మినల్లో హ్యూగో సర్వర్ అని కొడితే లోకల్‌హోస్ట్ (అంటే మన కంప్యూటరే) 1313 పోర్టులో సైట్ లేస్తుంది, ఎడిటర్లో సేవ్ కొట్టగానే బ్రౌజర్ తనే రిఫ్రెష్ అయిపోతుంది. డ్రాఫ్ట్ ట్రూ అని ఉన్న పోస్టులు మామూలుగా రావు, కమాండ్ చివర మైనస్ పెద్ద డీ తగిలిస్తే అవీ వస్తాయి. ఫోన్లో చూడాలంటే బైండ్ ఆప్షన్‌కి 0.0.0.0 ఇచ్చి, బేస్ యూఆర్ఎల్ (సైట్ మూల అడ్రసు) ఆప్షన్లో కంప్యూటర్ వైఫై ఐపీ ఇచ్చి, అదే వైఫైలో ఉన్న ఫోన్లో ఆ ఐపీ, పక్కన 1313 కొడితే సరి. తెలుగు సైటైతే ఇది తప్పకుండా చేసుకోండి, ఎందుకంటే చాలా థీమ్‌లు ఇంగ్లీష్ అక్షరాలకి కొలతలు తీసి కుట్టినవే, లైన్ హైట్ 1.4 దగ్గర ఉంటే పై లైన్లో ఒత్తులు కింది లైన్లో గుడులకి తగులుతుంటాయి, "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలొస్తే ఇంక చెప్పక్కర్లేదు. నేను 1.8 పెట్టా, పెద్ద స్క్రీన్ మీద కాస్త వదులుగా అనిపించినా ఫోన్లో చదవడానికి ప్రాణం హాయిగా ఉంది.

ఇక అసలు సంగతి. ఆ 1313లో కనపడేది రేపు పైకి వెళ్ళే సైట్ కాదు. హ్యూగో సర్వర్ బేస్ యూఆర్ఎల్‌ని లోకల్‌హోస్ట్‌గా మార్చేసుకుంటుంది, పైగా డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ఇంకా తయారీలో ఉన్న సైట్ అన్నట్టు నడుస్తుంది. ఉత్త హ్యూగో అని కొడితే (దీన్నే బిల్డ్ అంటారు) మాత్రం ప్రొడక్షన్, అంటే జనానికి వెళ్ళే సైట్. సీఎస్ఎస్ (పేజీ రంగులు, రూపం చెప్పే ఫైలు) కుదించడం, ఫైలు పేరుకి హ్యాష్ (ఫైలు మారితే మారే గుర్తు) తగిలించడం, విజిటర్లని లెక్కపెట్టే స్క్రిప్టు పెట్టడం లాంటివి చాలా థీమ్‌లు ప్రొడక్షన్లోనే చేస్తాయి, అంటే ఆ ముక్కలన్నీ ప్రివ్యూలో మనం చూసుండం అన్నమాట.

అందుకని ఇప్పుడు పైకి పంపే ముందు ఇంకో రౌండు వేస్తున్నా. ముందు పబ్లిక్ ఫోల్డర్, అంటే బిల్డ్ చేసిన పేజీలు పడే చోటు, మొత్తం డిలీట్. ఇది ముఖ్యం, హ్యూగో కొత్త పేజీలు రాస్తుందే గానీ పాతవి ఊడ్చదు, ఎప్పుడో డ్రాఫ్టులతో కలిపి బిల్డ్ చేసుంటే ఆ సగం రాసిన పేజీలు అక్కడే కూర్చుని ఉంటాయి, ఫోల్డర్ని చేత్తో కాపీ చేసి ఎక్కించేవాళ్ళయితే అవి కూడా ఊరేగుతాయి. తర్వాత బిల్డ్ కొట్టి, పబ్లిక్ లోపలికెళ్ళి పైథాన్ త్రీ మైనస్ ఎమ్ హెచ్‌టీటీపీ డాట్ సర్వర్ అని కొడితే 8000 పోర్టులో వస్తుంది. ఇండెక్స్ ఫైలుని డబల్ క్లిక్ చేసి తెరవకండి, స్లాష్‌తో మొదలయ్యే లింకులన్నీ హార్డ్ డిస్క్ మూలానికి పోతాయి, సీఎస్ఎస్ రాదు, బోసిగా కనపడుతుంది.

ఇక్కడ ఒక మాయ ఉంది, కాస్త ఆగి చూడాలి. థీమ్ సీఎస్ఎస్ లింకుని పూర్తి అడ్రసుతో రాస్తే, 8000లో చూస్తున్నా సరే ఆ సీఎస్ఎస్ లైవ్ సైట్ నుంచే వస్తుంది. రంగు మార్చి, బిల్డ్ చేసి, చూస్తే పాత రంగే. బ్రౌజర్లో ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే విషయం బయటపడుతుంది, ఒక్కో ఫైలు పక్కన ఏ డొమైన్ ఉందో చూస్తే చాలు. టెస్టు బిల్డుకి మాత్రం బేస్ యూఆర్ఎల్‌గా లోకల్‌హోస్ట్ 8000 ఇచ్చి వేరే ఫోల్డర్లోకి తీయడమే దీనికి మందు. నా సైట్ గిట్‌హబ్ పేజెస్‌లో (గిట్‌హబ్ వాళ్ళు సైట్లు పెట్టుకోనిచ్చే చోటు) రిపో (అక్కడ మన ఫైళ్ళుండే ఫోల్డర్) పేరుతో, అంటే డొమైన్ తర్వాత స్లాష్ పిట్టలు అన్నట్టు సబ్ ఫోల్డర్లో ఉంటుంది, కాబట్టి టెస్ట్ అని ఒక ఫోల్డర్, దానిలోపల రిపో పేరుతో ఇంకోటి, బిల్డు ఆ లోపలి దాంట్లోకి, పైథాన్ సర్వర్ బయట ఫోల్డర్లో, బేస్ యూఆర్ఎల్ చివర కూడా రిపో పేరు. అప్పుడు టెంప్లేట్లలో ఎక్కడైనా ఉత్త స్లాష్‌తో మొదలుపెట్టి రాసిన ఇమేజ్ పాత్ ఉంటే ఇక్కడే 404 (ఫైలు దొరకలేదని) ఇస్తుంది, పైకెళ్ళేదాకా ఆగక్కర్లేదు.

ఈ రౌండుకి కూడా దొరకనిది ఒకటుంది, పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలు. కెమెరా ఇచ్చే ఫైలు పేరు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మనం మార్క్‌డౌన్లో (పోస్టు రాసే ఫైల్లో) చిన్న అక్షరాల్లో కొడతాం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ మామూలు సెట్టింగుల్లో రెండూ ఒకటే కాబట్టి ఫొటో బంగారంలా కనపడుతుంది, సైట్ పైకెళ్ళాక మాత్రం అక్కడి సర్వర్‌కి అవి వేర్వేరు కాబట్టి ఖాళీ డబ్బా. ఫొటోల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చే చిన్న స్క్రిప్టు పెట్టేశా, ఇంక దాని గురించి ఆలోచించట్లేదు.

తేదీల గోల వేరు. ఫ్రంట్ మ్యాటర్లో (పోస్టు ఫైలు పైన ఉండే వివరాల్లో) తేదీ, టైమ్ చేత్తో రాసి టైమ్ జోన్ వదిలేస్తే హ్యూగో దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, యూటీసీ కంటే ముందు నడిచే చోట ఉన్నవాళ్ళకి ఇప్పుడే రాసిన పోస్టు కాస్తా భవిష్యత్తు పోస్టు అయిపోయి ప్రివ్యూలోనే మాయమైపోతుంది. హ్యూగో లిస్ట్ ఫ్యూచర్ అని కొడితే అలా ఇరుక్కున్నవన్నీ చూపిస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో టైమ్ జోన్ సెట్టింగ్ ఉంది, ఒకసారి పెడితే చాలు. వచ్చే వారం తేదీ వేసి వదిలేస్తే ఆ రోజుకి అదే వస్తుందిలే అనుకోకండి, అప్పటికి మళ్ళీ బిల్డ్ జరిగితేనే వస్తుంది, ఇది ముందే తయారుచేసి పెట్టిన పేజీల స్టాటిక్ సైట్ కదా మరి.

అడ్రసుల సంగతికొస్తే, ఫైలుకి గిజిగాడు అని తెలుగులోనే పేరు పెడితే హ్యూగో చక్కగా తీసుకుంటుంది, బ్రౌజర్ పైన కూడా తెలుగులోనే చూపిస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ లింకు కాపీ చేసి ఎవరికైనా పంపినప్పుడు చూడాలి దాని అవతారం. యూనికోడ్‌లో గిజిగాడు అంటే 8 గుర్తులు, యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, ఒక్కో బైటు పర్సెంట్ గుర్తుతో కలిపి 3 అక్షరాలు, మొత్తం 72 అక్షరాల పర్సెంట్ల తోరణం. చాట్‌లో అది చూసినవాళ్ళు వైరస్ లింకనుకుని ముట్టుకోరు. టైటిల్ తెలుగులోనే ఉంచి, ఫ్రంట్ మ్యాటర్లో స్లగ్ (అడ్రసు చివరి ముక్క) మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో ఇస్తున్నా. అప్పటికే పైకెళ్ళిపోయిన పాత అడ్రసు ఉంటే దాన్ని ఎలియాసెస్‌లో రాస్తే, పాత చోట ఒక చిన్న పేజీ పెట్టి కొత్త చోటికి తోసేస్తుంది.

పబ్లిష్ అంటే ఇప్పుడు గిట్ పుష్ (ఫైళ్ళని గిట్‌హబ్‌కి పంపడం) ఒక్కటే, మిగతాది గిట్‌హబ్ యాక్షన్స్ (అక్కడే బిల్డ్ చేసి పెట్టే సదుపాయం) చూసుకుంటుంది. పబ్లిక్ ఫోల్డర్ గిట్‌ఇగ్నోర్‌లో ఉంది, అంటే అది పుష్‌లో వెళ్ళదు. వర్క్‌ఫ్లో ఫైల్లో (యాక్షన్స్‌కి ఏం చేయాలో చెప్పేది) మూడు విషయాలు చూసుకోవాలి. థీమ్ సబ్‌మాడ్యూల్‌గా (వేరే రిపోకి లింకుగా) పెట్టుంటే చెకౌట్ (ఫైళ్ళు దించుకునే అంచె) దగ్గర సబ్‌మాడ్యూల్స్ రికర్సివ్ అని ఉండాలి, లేకపోతే థీమే రాదు. హ్యూగో వెర్షన్ మన కంప్యూటర్లో ఉన్నదే అక్కడా రాయాలి, లేటెస్ట్ అని వదిలేస్తే ఏదో ఒక రోజు థీమ్ మొరాయిస్తుంది. మూడోది నాకు బాగా నచ్చింది, పానిక్ ఆన్ వార్నింగ్ అనే ఆప్షన్. థీమ్ రాకపోయినా హ్యూగో లేఅవుట్ దొరకలేదని వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, బిల్డు మీద పచ్చ టిక్కు పడుతుంది, సైట్ మాత్రం తెల్లకాగితం. ఈ ఆప్షన్ పెడితే అక్కడికక్కడే ఎర్ర గుర్తొచ్చి ఆగిపోతుంది, పైన పాత సైట్ అలాగే ఉంటుంది, అదే నయం.

పుష్ చేశాక వెంటనే మారలేదని కంగారక్కర్లేదు, గిట్‌హబ్ పేజెస్ ఫైళ్ళని 10 నిమిషాలు దాచుకోమని బ్రౌజర్‌కి చెబుతుంది, ప్రైవేట్ విండోలో తెరిస్తే కొత్తది కనపడుతుంది.

ఇక మిగిలింది ఫొటోల బరువు. పేజెస్‌లో సైట్ సైజు 1 జీబీ దాటకూడదు, కెమెరా ఫైళ్ళు ఉన్నవున్నట్టు పెడితే అది ఎంతో దూరం లేదు. ఫొటోల్ని స్టాటిక్ ఫోల్డర్లోంచి తీసి ఆ పోస్టు ఫోల్డర్లోనే పెట్టి, టెంప్లేట్లో అలా చేయమని రాస్తే హ్యూగో బిల్డప్పుడు 1200 పిక్సెళ్ళకి తగ్గించి వెబ్‌పీగా (తేలికైన ఫొటో ఫార్మాట్) మార్చిపెడుతుంది. గిజిగాడు, పాలపిట్ట పోస్టులకి అయిపోయింది, కొంగలవి మొదలుపెట్టాలి.