నమూనా పరీక్షలు నాకు చూపించినవి

ఎంబీఏ వంటి మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్ కోసం చదవడం మొదలుపెట్టిన కొత్తలో, పాఠాలన్నీ పూర్తయ్యాకే నమూనా పరీక్ష రాయాలని వాయిదా వేస్తూ వచ్చాను. అది పొరపాటని మొదటి పరీక్ష రోజే తెలిసింది. క్వాంట్ (లెక్కల) విభాగంలో 21 ప్రశ్నలకు 45 నిమిషాలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాలకు కాస్త పైన సమయం ఉంటుంది. నేను మాత్రం ఏడో ప్రశ్నగా వచ్చిన శాతాల లెక్క దగ్గర 6 నిమిషాలు కూర్చుండిపోయి, చివరి నాలుగింటికి చదవకుండానే జవాబులు గుర్తించాను. తీరిగ్గా చేస్తే ఆ లెక్క నాకు వచ్చేదే, అందుకే ఎక్కువ బాధ కలిగింది.

అప్పటి నుంచి ప్రతి పరీక్ష తర్వాత స్కోరు కంటే ముందు తప్పుల నోటుపుస్తకం తెరుస్తున్నాను. ఏది తప్పిందన్నదే కాక, తెలియక తప్పిందా, తొందరపడి తప్పిందా అని కూడా రాసుకుంటూ పోతే, ప్రశ్నలోని ‘కానిది’ అన్న మాటను గమనించకుండా చేసిన తప్పులే ఎక్కువగా కనిపించాయి. సమయం మిగిలితే ప్రతి విభాగం చివర మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు కాబట్టి, అనుమానమున్న ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకు సాగడం అలవాటు చేసుకున్నాను.

ఉచితంగా దొరికే రెండు అధికారిక పరీక్షల్లో ఒకదాన్ని ఆఖరి వారం కోసం దాచుకుని, నిన్న రాశాను. ఈసారి క్వాంట్‌లో చివరి ప్రశ్నను కూడా పూర్తిగా చదివి జవాబిచ్చేసరికి, గడియారంలో ఇంకా 50 సెకన్లు మిగిలి ఉన్నాయి.