లాంచీలో టీవీ బొమ్మ నిలబడాలంటే: గోదావరి రేవులో నా అనుభవం

చిన్న లాంచీలో టీవీ పెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పడవ నడుస్తుండగా చూడాలా, రేవులో కట్టేశాక చూడాలా? నడుస్తుండగా అయితే శాటిలైట్‌ను తనంతట తానే వెతుక్కుంటూ తిరిగే డోమ్ యాంటెనా కావాలి, దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది. నాకు రాజమండ్రి రేవులో రాత్రిళ్లు వస్తే చాలు. అందుకని నెల చందా లేని, దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ తీసుకున్నాను. పాతకాలం ఇళ్ల మీది అల్యూమినియం కడ్డీల యాంటెనా జోలికి పోలేదు. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికే దాదాపు అన్నీ మూతపడ్డాయి.

ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15 శాటిలైట్ నుంచి. రాజమండ్రిలో నిలబడి చూస్తే అది ఆగ్నేయంలో, ఉత్తరం నుంచి లెక్కిస్తే సుమారు 145 డిగ్రీల దిక్కులో, 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తున ఉండటం మనకు పెద్ద మేలు. డిష్ కంటే పది మీటర్లు ఎత్తున్న చెట్టుకు కూడా అయిదు మీటర్లు ఎడంగా ఉంటే అడ్డు రాదు. నీటి మీదికి వంగిన కొమ్మల కింద మాత్రం కట్టకూడదు.

దిక్కు పడవలో నిలబడి చూడకండి. ఇంజిన్ ఇనుము పక్కన ఫోన్ దిక్సూచి బాగా తప్పు చూపిస్తుంది. నేను గట్టు మీదికి పోయి 145 డిగ్రీల దిక్కున దూరంగా కనిపించే స్తంభాన్నో గోపురాన్నో గుర్తు పెట్టుకుని, డిష్‌ను ఆ గుర్తుకేసి తిప్పుతాను. ఎత్తు దగ్గర చాలామంది పొరబడతారు. ఇది ఆఫ్‌సెట్ డిష్, అంటే సిగ్నల్‌ను ఎదురుగా కాక పైనుంచి వాలుగా అందుకునే రకం కాబట్టి పళ్లెం 66 డిగ్రీలు వెల్లకిలా పడి ఉండదు, నిలువు నుంచి 42, 43 డిగ్రీలే వెనక్కి వాలి ఉంటుంది.

సెట్‌టాప్ బాక్స్ మెనూలో ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేట్ 29500 పెట్టాలి. స్ట్రెంగ్త్ అంకెను నమ్మకండి, తీగ కలిస్తే చాలు అది ఎగబాకుతుంది. చూడాల్సింది క్వాలిటీ. డిష్‌ను కొద్దిగా కదిపి మూడు సెకన్లు ఆగాలి, మళ్లీ కదపాలి. ఆగకుండా తిప్పేస్తే బాక్స్ సిగ్నల్‌ను పట్టుకునేలోపే దాటిపోతాం. బొమ్మ వచ్చాక ఎల్‌ఎన్‌బీని, అంటే డిష్ ముందు చేతి కొసన సిగ్నల్ అందుకునే భాగాన్ని, దాని పట్టీలోనే అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పి, క్వాలిటీ ఎక్కువగా ఉన్నచోట బిగించాలి.

ఇంతవరకూ ఇంటి డాబా మీద చేసే పనే. తేడా వచ్చేది పడవ కదలిక దగ్గర. 60 సెంటీమీటర్ల డిష్‌కు ఆకాశంలో కనిపించే కిటికీ దాదాపు 3 డిగ్రీలు. నడిమధ్య నుంచి ఒకటిన్నర డిగ్రీ జరిగితే సిగ్నల్ సగానికి పడిపోతుంది. డిష్ పెద్దదైతే బాగా వస్తుందని నేనూ మొదట 90 సెంటీమీటర్లది పైకప్పు మీద బిగించాను. దాని కిటికీ 2 డిగ్రీలే. ఒక మనిషి ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిస్తే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయేది. పడవ మీద 60 సరిపోతుంది, 90 వద్దు.

శాటిలైట్ ఎత్తున ఉంది కాబట్టి పడవ ముక్కు అటూ ఇటూ తిరిగితే పోయే సిగ్నల్ తక్కువ, నాలుగు డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. పడవ ఒరిగితే మాత్రం ఒకటిన్నర డిగ్రీ చాలు. డిష్‌ను కర్ర మీద ఎత్తి కట్టినా లాభం లేదు. ఒరిగే కోణం పడవంతా ఒకటే, పైగా ఆ కర్ర ఊగుతుంది. ఒక్క లంగరు మీద నిలిపితే గాలికి పడవ ముప్పై, నలభై డిగ్రీలు కూడా తిరుగుతుంది, కాబట్టి ముందొక మోకు, వెనకొక మోకు వేసి గట్టుకు కట్టాలి. దాంతో తిరగడం ఆగుతుంది. పక్క నుంచి ఇంకో లాంచీ పోతే లేచే అలకు ఒరగడం మాత్రం ఆగదు.

చివరికి డిష్‌ను గట్టు మీద పెట్టాను. ఇనుప పలక, దానికి వెల్డింగ్ చేసిన అరగజం పైపు, పలక మీద రెండు ఇసుక బస్తాలు. ఇసుక ఏ రేవుకు పోతే అక్కడే నింపుకోవచ్చు. అక్కడి నుంచి లాంచీకి 20 మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్ లాగాను. 30 మీటర్ల వరకూ ఇబ్బంది ఉండదు. అలలకు పడవ ఎంత ఊగినా ఇప్పుడు బొమ్మ చెదరదు.

కరెంటుకు ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీని ముట్టుకోకండి. 24 అంగుళాల 12 వోల్టుల టీవీ, బాక్స్ కలిపి మూడున్నర ఆంపియర్ల దాకా లాగుతాయి. మూడు గంటలకు పదిన్నర ఆంపియర్-అవర్లు. విడిగా ఒక 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పెడితే సగం కూడా ఖర్చు కాకుండా మూడు, నాలుగు రాత్రులు వస్తుంది. ఇంజిన్ ఛార్జింగ్ చేస్తున్నప్పుడు 12 వోల్టుల లైను 14.4 దాకా పోతుంది కాబట్టి మధ్యలో 12 వోల్టులకు నిలిపే కన్వర్టర్ ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్. నాది మూడు నెలలకే లోపల పచ్చగా చిలుము పట్టి, రాగి తీగ కొస నల్లబడింది. పగలు వచ్చిన ఛానల్ రాత్రి మంచు పడగానే పోయేది. కొసను రెండు అంగుళాలు కోసి, జాలీ పోగులు నడిమి తీగను తాకకుండా వెనక్కి మడిచి, కొత్త కనెక్టర్ వేసి, దాని మీద రబ్బరు టేపు సాగదీసి చుట్టాను. కేబుల్‌ను ఎల్‌ఎన్‌బీ కింద ఒక వంపు తిప్పి వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్‌లోకి దిగవు.

కుండపోత వానలో బొమ్మ పోతే డిష్ కదపకండి. వాన తగ్గగానే దానంతటదే వస్తుంది.