కోర్టు నుంచి బెంచీ మీదికి: నా అనుభవం

డిగ్రీ అయ్యాక నా బాస్కెట్‌బాల్ కూడా అయిపోయిందనుకున్నాను. విజయనగరంలో కాలేజీ జట్టుకి పాయింట్ గార్డ్‌గా, అంటే బంతిని ముందుకి తెచ్చి ఆట నడిపించే స్థానంలో ఆడిన నాకు వేరే పని మీద మనసు నిలిచేది కాదు. మా కోచ్ సార్ అది గమనించారేమో, "అమ్మాయిల జట్టుకి అసిస్టెంట్‌గా వస్తావా? మేనేజర్ పని కూడా నువ్వే చూసుకోవాలి" అని అడిగారు. జీతం చెప్పుకోదగ్గది కాదు. వెంటనే సరే అన్నాను.

మొదట నా చేతికొచ్చింది బంతి కాదు, ఫైలు. ఒక్కో అమ్మాయికి టెన్త్ సర్టిఫికెట్ జిరాక్స్, స్టడీ సర్టిఫికెట్, ఫొటోలు, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు. వీటన్నిటికన్నా కష్టం ఇంట్లోవాళ్లని ఒప్పించడం. నెల్లిమర్ల దగ్గర పల్లెలో ఒక తండ్రి, "పిల్లని ఎప్పుడూ పొరుగూరు పంపలేదమ్మా. రాత్రి ఎక్కడ పడుకుంటారు? నువ్వు పక్కనే ఉంటావా?" అని అడిగారు. నేను ఆడే రోజుల్లో మా అమ్మవీ ఇవే ప్రశ్నలు. రైలు ఏది, బస ఎక్కడ, నా ఫోన్ నంబరు ఎంత, అన్నీ కాగితం మీద రాసిచ్చాక ఆయన సంతకం పెట్టారు. ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, మా వైపు అమ్మాయిల జట్టు నిలబడేది ఈ పని మీదే.

ఇక మ్యాచ్. ఆట మొదలవడానికి 40 నిమిషాల ముందే పేర్లు, జెర్సీ నంబర్లు స్కోరర్‌కి అందాలి. తర్వాత నా పని ఫౌళ్ల లెక్క. 10 నిమిషాల క్వార్టర్‌లో జట్టుకి 4 ఫౌళ్లు దాటితే, షాట్ వేయని అమ్మాయిని తాకినా అవతలివాళ్లకి రెండు ఫ్రీ త్రోలు. ఒక్కరే 5 చేస్తే ఆటలోంచి బయటికే. అందుకే బాస్కెట్ దగ్గర ఆడే మా సెంటర్‌కి సగం ఆటలోపే మూడోది పడితే నోట్‌బుక్ సార్ ముందు పెట్టేస్తాను.

కోచ్, అసిస్టెంట్‌లలో ఒకసారి ఒక్కరే నిలబడి ఉండాలన్నది నియమం. సార్ నిలబడితే నేను కూర్చోవాల్సిందే. ఎదుటి డిఫెన్స్‌లో సందు కనిపిస్తుంటే కాళ్లు ఆగవు, ఎంత టెన్షనో! టైమ్ అవుట్ ఒక్క నిమిషమే. సార్ మాట్లాడగా నాకు మిగిలేది చివరి కొన్ని సెకన్లు. అందులో ఒక్క అమ్మాయికి ఒక్క మాటే చెప్పమంటారు సార్. "స్క్రీన్ వస్తే వెనకనుంచి వెళ్లు, ఆ అమ్మాయికి దూరం షాట్ లేదు" అన్నాను ఒకసారి. స్క్రీన్ అంటే మన డిఫెండర్ దారికి అవతలి జట్టమ్మాయి అడ్డంగా నిలబడడం. మా గార్డ్ అలాగే చేసింది, వాళ్ల దారి మూసుకుపోయింది. నేను బాస్కెట్ వేసిన రోజుల్లో కూడా అంత సంతోషం ఎరగను.

ఇప్పుడు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో ఆరు వారాల కోచింగ్ సర్టిఫికెట్ కోర్సుకి సిద్ధమవుతున్నాను. ఈ దారిలోకి రావాలనుకునే మాజీ ఆటగాళ్లు ముందు స్కోర్‌షీట్ రాయడం నేర్చుకోండి. మీ దగ్గర్లో టోర్నమెంట్ జరిగితే వెళ్లి, టేబుల్ దగ్గర సాయం చేస్తామని అడగండి.