కిసోరో కొండల్లో ఖాళీ జాగా లేదు

ఉగాండాలోని కబాలె పట్టణం నుంచి పడమటికి వెళ్లే ఘాట్ రోడ్డు కనాబా కనుమ దగ్గరికి చేరగానే డ్రైవర్ కారు ఆపాడు. ఎదురుగా ముహబురా, గహింగా, సబిన్యో అగ్నిపర్వతాలు. ముహబురా ఎత్తు 4,127 మీటర్లు. సబిన్యో శిఖరం మీద ఉగాండా, రువాండా, కాంగో దేశాల సరిహద్దులు కలుస్తాయి. ఉగాండా నైరుతి మూలన, వాటి పాదాల దగ్గరున్నదే కిసోరో జిల్లా.

నేను కళ్లు తిప్పుకోలేకపోయింది మాత్రం పొలాల మీంచి. నిలబడడమే కష్టమనిపించే వాలుల్లోనూ బంగాళాదుంప, జొన్న, తీగ చిక్కుడు వేశారు. జిల్లా విస్తీర్ణం సుమారు 730 చదరపు కిలోమీటర్లు. 2014 లెక్కల ప్రకారం జనాభా 2 లక్షల 80 వేల పైచిలుకు. అంటే చదరపు కిలోమీటరుకు 380 మందికి పైనే. అందులోంచి ముటాండా లాంటి సరస్సులు, అడవులు తీసేస్తే సాగుకు మిగిలేది ఇంకా తక్కువ. పైగా తండ్రి పొలాన్ని కొడుకులు పంచుకున్న ప్రతిసారీ ఆ ముక్క మరింత చిన్నదవుతోంది.

నేల సారవంతమే, కానీ నిండా నల్లటి లావా రాళ్లు. వాటిని ఏరి పొలం మధ్యలో కుప్పలు పోశారు, గట్లు కట్టారు. ఎన్ని తరాల నడుములు వంగితే అన్ని రాళ్లు అలా పోగయ్యాయో! వానలు బాగానే పడతాయి. అయినా లావా నేల నీటిని ఇట్టే పీల్చేస్తుంది కాబట్టి కొండ పాదాల ఊళ్లలో వాగులు అరుదు. నీళ్లు నింపిన పసుపు రంగు ప్లాస్టిక్ క్యాన్లు మోస్తూ ఎత్తు ఎక్కుతున్న పిల్లలు దారంతా కనిపించారు.

ఇక్కడ ఎక్కువమంది బఫుంబిరా ప్రజలు. వాళ్ల భాష రువాండా భాషకు చాలా దగ్గర. ఒక ఇంట్లో జొన్నపిండితో చేసిన బుషెరా ఇచ్చారు. కాస్త పులుపెక్కిన మన జొన్న అంబలిలా ఉంది, రెండో గ్లాసు కూడా అడిగి తాగాను.

మ్గహింగా గొరిల్లా పార్కు అంచున అడవి దున్నలు పంటల మీద పడకుండా రాతిగోడ ఉంది. 1991లో ఈ పార్కు ఏర్పడినప్పుడు అడవిలో బతికే బత్వా ప్రజలను బయటికి పంపేశారు. పరిహారంగా భూమి దక్కినవాళ్లు చాలా తక్కువ. మాకు అడవి చూపించిన పెద్దాయన బత్వానే. ఏ ఆకు దేనికి మందో, తేనె ఎలా తీసేవాళ్లో, గరామా గుహలో తమవాళ్లు ఎలా తలదాచుకునేవారో చెప్పుకొచ్చాడు. ఇప్పుడు ఆయన ఆ అడవిలోకి వెళ్లేది మాలాంటి టూరిస్టులతోనే. గొరిల్లాలను కాపాడుకోవాల్సిందే, ఆ పార్కు ఉండాల్సిందే. కానీ అందుకోసం ఇల్లు వదిలినవాళ్లకు సాగు చేసుకోవడానికి సొంత భూమి చెక్క ఒకటి ఇవ్వడం న్యాయమని ఆయన ఎదుటే అన్నాను. ఇంత కిక్కిరిసిన జిల్లాలో ఎవరి పొలంలోంచి ఇస్తారని ఆయన అడిగాడు.