ఎనిమిది కాళ్ల అభిమానం

"ఆక్టోపస్‌నా? మంచు మీదికా?" అని రెండుసార్లు అడిగాను. అమెరికాలో ఏ ఊరివాళ్లకు ఐస్ హాకీ పిచ్చి ఎక్కువన్న వాదనలో డెట్రాయిట్ నగరం నుంచి వచ్చిన సహోద్యోగి గర్వంగా తలూపాడు.

1952లో ఐస్ హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ చేతికి రావాలంటే ఎనిమిది విజయాలు కావాలి; అందుకే చేపల వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరు ఎనిమిది కాళ్లున్న ఆ జీవిని రింకులోకి (ఆట ఆడే మంచు మైదానంలోకి) విసిరారట, డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ వరుసగా ఎనిమిదీ గెలిచిందట. విసిరే ముందు దానిని ఉడకబెట్టాలని కూడా అతడు చెప్పాడు (అప్పటికి నా అన్నం డబ్బా సగమే ఖాళీ అయింది).

బఫెలో నగరపు మిత్రుడు నెమ్మదిగా, 1970లో మొదలైన తమ సేబర్స్ జట్టు ఇంతవరకూ ఒక్క కప్పూ గెలవలేదని, అయినా తన తండ్రి రేడియో కట్టేయలేదని అన్నాడు.

క్రికెట్ తప్ప ఎరగని నన్ను తీర్పు అడిగారు. బఫెలో అన్నాను. డెట్రాయిట్ ఆయన సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.