పదిహేను రోజుల్లో మళ్లీ వస్తాడట

ఎడమ పాదంలో గుండుసూది దిగి రెండు రోజులైనా నాకు తెలియలేదు. నల్గొండలో ఇరవై ఆరేళ్లుగా లేడీస్ టైలర్‌ని. చెప్పుల్లేకుండా మిషన్ తొక్కడం అలవాటు. షుగర్‌తో పాదాల స్పర్శ పోయిందన్న సంగతి ఆ రోజే తెలిసింది. రాత్రి కాళ్లు చాపుకుంటే మా ఆవిడ చూసి, "ఇదేందయ్యా, కాలికి సూది గుచ్చుకొని ఉన్నది" అని పీకింది. ఎర్ర పూస తలకాయ ఉన్న సూది. చుక్క రక్తం రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

వారానికి పాదం ఉబ్బి నల్లబడింది. ఆరెంపీ సూదులతో ఐదు రోజులు పోయాయి. తర్వాత ఆసుపత్రి, టెస్టులు, చీము తీసే ఆపరేషన్, పది రోజుల మంచం. ఆరోగ్యశ్రీ ఉండబట్టి ఆపరేషన్‌కు రూపాయి కట్టలేదు. ఆ మాట చెప్పుకోవాలి.

పక్క మంచం మీద రిటైరైన టీచర్ సారు ఉండేవారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆయనకూ షుగరే, ఆయనకూ పాదమే. ఇద్దరికీ ఒకే డాక్టరు, ఒకే రోజు ఆపరేషన్, ఒకే రోజు డిశ్చార్జి. ఆయన్ను కొడుకు కారులో తీసుకుపోయాడు. నా చీటీ రాసేటప్పుడు కేసు షీటు మీద అడ్రసు చూసి, ఒక చిన్న డాక్టరు నర్సుతో నవ్వుతూ అన్నాడు: "ఆ బస్తీ కేసా? పదిహేను రోజుల్ల మళ్ల ఇక్కడ్నే ఉంటడు, చూడు."

నాకు స్పర్శ పోయింది పాదాలకే, చెవులకు కాదు.

చీటీలో నాలుగు ముక్కలు రాశారు. కాలు తడవనివ్వొద్దు, కింద ఆనించొద్దు, రోజూ డ్రెస్సింగ్ చేయించాలి, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి. డ్రెస్సింగ్‌కు ఆటో రానూపోనూ రెండొందలు, పైగా మా ఆవిడకు పని పోతుంది. రోజూ అన్నది రోజు విడిచి రోజు అయింది, తర్వాత వారానికి రెండుసార్లు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. గల్లీ చివర కిరాణా కొట్టు అక్క తన ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక సీసా పెట్టుకోనిచ్చింది. అయితే అన్న కూతురి పెళ్లికని షట్టరు దించి మూడు రోజులు ఊరికి పోయింది. సీసా లోపలే ఉండిపోయింది. ఆమెనేమంటాం? కొత్త సీసా కొనాల్సింది. మూడు రోజులే కదా అనుకున్నాం. ఆ తప్పు మాదే.

ఆ మూడో రాత్రే వాన.

మా గల్లీ మోరీకి పోయే దారి లేదు. గట్టి వాన పడితే ఇళ్లలోకే వస్తుంది. రేకుల మీద చప్పుడుకు ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. నన్ను మంచం మీదే ఉంచి, ఆవిడ గిన్నెతో నీళ్లు తోడిపోస్తోంది. నేనేమో లేచి బియ్యం బస్తా జరపబోయి ఆ మురికినీళ్లలో కాలు పెట్టాను. కట్టు మొత్తం నానిపోయింది. ఒంటి గంటకు చలి మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమంటున్నాయి. ఆ తర్వాతి సంగతులు ఆవిడ చెప్తేనే తెలిశాయి. "కొలతలు రాసుకో, పండక్కి ఇయ్యాలె" అని కలవరించానట. 108 వచ్చింది కానీ గల్లీలోకి దూరలేదు. ఆ మోరీ గురించే కొట్లాడి ఆర్నెల్లుగా మాటల్లేని పక్కింటాయన, తన ప్లాస్టిక్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, కొడుకుతో కలిసి మోకాలి లోతు నీళ్లలో రోడ్డు దాకా మోశాడు. కుర్చీ కాలు ఒకటి విరిగింది. ఇప్పటికీ దాని డబ్బులు తీసుకోడు.

అది పద్దెనిమిదో రోజు. మూడు రోజులు ఆలస్యమైనా చిన్న డాక్టరు మాటే గెలిచింది. నాకు రెండు వేళ్లు పోయాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ తెల్లారేదాకా నా మంచం దగ్గరే నిలబడిందట. లేకపోతే కాలే పోయేది. ఆమెకు చేతులెత్తి మొక్కుతాను. ఆ చిన్న డాక్టరు మీద మాత్రం కోపం పోలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. ఏమవుతుందో ముందే తెలిసినవాడు, ఫ్రిజ్ ఉందా, ఇంట్లోకి నీళ్లొస్తాయా అని ఒక్క ముక్క అడగలేదు.

మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. 2014లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన చూపించింది. మెడికేర్ (అక్కడ ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) కింద గుండె జబ్బుతోనో న్యుమోనియాతోనో చేరి ఇంటికి పోయినవాళ్లలో, 85 శాతం పేటల్లో నెలలోపు తిరిగి చేరినవాళ్లు నూటికి సుమారు 21 మందట. అన్నిటికన్నా వెనకబడ్డ 15 శాతం పేటల్లో మాత్రం పేదరికం పెరిగేకొద్దీ అది 22 నుంచి 27 దాకా పోయిందట. "అక్కడ గూడ అంతేనంట నాయినా" అంది. అక్కడ దాన్ని లెక్క కట్టారు, ఇక్కడ నర్సుతో జోకేశారు.

టీచర్ సారు ఫోన్ చేశారు. పొద్దున్నే రెండు కిలోమీటర్లు నడుస్తున్నారట. సంతోషమే. ఫోన్ పెట్టేశాక కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతూ ఉండండి. ఇన్సులిన్‌ను నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచండి. వాడుతున్న సీసా మామూలు గదిలో నాలుగు వారాల దాకా ఆగుతుందంటారు కానీ, మేలో రేకుల ఇల్లు మామూలు గది కాదు.

చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మా ఆవిడ మొక్కుకుంది. అమావాస్యకు పోయొచ్చాం. బస్సులో ఆమెకు జీరో టికెట్, నాకు మామూలు టికెట్. గుట్ట మీదికి ఆటోలో ఎక్కాను, స్వామి ఏమీ అనుకోడు.

మిషన్‌కు మోటారు పెట్టించాను, కుడికాలు చాలు. పోయిన నెల రివ్యూలో చీటీ మీద మళ్లీ అదే రాశారు: కాలు తడవనివ్వొద్దు. ఆదివారం పక్కింటాయన, నేను కలిసి మా రెండు గుమ్మాల ముందూ మూడు వరసల ఇటుకలు పేర్చి సిమెంటు కొట్టాం. ఇంకా వాన పడలేదు.