కడిగిన బండిని ఆరబెట్టడం

హైదరాబాదులో మా వాడలో బండ్లు కడిగేది బోరునీళ్లతోనే. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, కడిగిన బండిని ఎండకు వదిలేస్తే నీరు ఆవిరైపోయి, ట్యాంకు మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. అందుకే బండిని నీడలో నిలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గట్టిగా రుద్దకుండా అద్దుతూ తుడవాలని నా గట్టి అభిప్రాయం.

స్విచ్చుల చుట్టూ, తాళం రంధ్రంలో, స్పార్క్ ప్లగ్ గుంతలో నిలిచిన నీరు గుడ్డకు అందదు. దానిని చిన్న బ్లోయరుతో ఊదాలి. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ చైనుకే అవసరం. ఇంజను ఆపి, సెంటర్ స్టాండు వేసి, వెనుక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ లింకులను పొడిగుడ్డతో తుడుస్తూ పోతే, మొదట నల్లటి తడి అంటిన గుడ్డ క్రమంగా పొడిగా రావడం మొదలవుతుంది. చైనుకు లూబ్ (కందెన) కొట్టవలసింది అప్పుడే. తడి మీద కొడితే అది లోహానికి సరిగా పట్టదు. బ్రేకు డిస్కు మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు.

లూబ్ కాసేపు పట్టనిచ్చాక, ఖాళీ వీధిలో నెమ్మదిగా నడుపుతూ రెండు బ్రేకులనూ తేలికగా నొక్కితే ప్యాడ్ల తడి ఆరుతుంది, సైలెన్సరులో చేరిన నీరూ వేడికి ఆవిరవుతుంది. కవరు కప్పేది ఇంజను చల్లారాకే.